ఇంటి నుంచే గట్టిమేళం

బ్యాండుమేళం ఇంట్లో కూర్చుని కూడా వాయించవచ్చునని ప్రభుత్వం వారు కనిపెట్టి చెప్పేదాకా మాకు తెలియదు. ముప్పై ఏళ్ళపాటు పెళ్ళివారి ముందు మిట్టమధ్యాహ్నపు ఎండలో, మెడదాకా బొత్తాలు పెట్టిన ఎర్రకోట్లు వేసుకుని నడుస్తూ వాయించాం. ఎంత వెర్రిబాగులవాళ్ళమో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మాది గోదావరి కాలవ గట్టున ఉన్న ఊరు. మేళం పేరు శ్రీ వేణుగోపాల బ్యాండు. మొత్తం తొమ్మిదిమందిమి. క్లారినెట్ వాయించే సుబ్బారాయుడు మేస్త్రి యజమాని. పెద్ద డ్రమ్ము యేసుపాదానిది, ట్రంపెట్ మస్తాన్ వలీది. నా పేరు తాతారావు, తాళాలు కొడతాను. ఇంటర్ ఒకసారి చదివి రెండుసార్లు తప్పినవాణ్ణి కనక మేళానికి మేనేజర్ని కూడా నేనే. మిగతా అయిదుగురి పేర్లు చెప్పను. వాళ్ళు వాయించడమే గాని నోరు విప్పి మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు.

నాకు ప్రభుత్వ కాగితమంటే గౌరవం. కింద ముద్ర ఉన్న కాగితం ఏది వచ్చినా రెండుసార్లు చదివి, మడత నలగకుండా ట్రంకుపెట్టెలో దాస్తాను. మా ఆవిడకి నామీద ఉన్న ఫిర్యాదుల్లో ఇది మొదటిది. కాబట్టి వైశాఖమాసపు పెళ్ళిళ్ళకి రెండు నెలల ముందు లైసెన్సు రెన్యువల్‌కి వెళ్ళినప్పుడు మున్సిపాలిటీ వారు నా చేతిలో పెట్టిన సర్క్యులర్‌ని నేను భక్తిగానే చదివాను.

"పదిమంది కన్న తక్కువ సిబ్బంది గల సకల చిన్న సంస్థలూ తక్షణమే దూరస్థ కార్యవిధానమునకు మారవలెను. పని ప్రదేశమందు సిబ్బంది యొక్క శరీర హాజరు సున్నాగా ఉండవలెను. అట్లు ఉండని సంస్థల లైసెన్సు పునరుద్ధరింపబడదు."

పట్నంలో కంప్యూటర్ల ముందు కూర్చునేవాళ్ళకి ఈ పద్ధతి బాగా కుదిరిందట. ట్రాఫిక్ తగ్గిందట, గది అద్దెలు మిగిలాయట, మనుషులు పిల్లాపాపలతో సుఖంగా ఉన్నారట. కుదిరినదాన్ని కుదరనివాళ్ళకి కూడా సమానంగా పంచిపెట్టడమే కదా ప్రభుత్వం పని!

ఊరు ఊరంతా మారిపోయింది. సెలూన్లో అద్దం, కుర్చీ, కత్తెర మాత్రం మిగిలాయి. సెలూన్ పోతురాజు ఇంట్లో మంచం మీద కూర్చుని ఫోన్లో "కుడిపక్క ఇంకాస్త లేపండి బాబూ, చెవి జాగర్త" అని చెబుతూ ఉంటే ఎవరి జుట్టు వాళ్ళే కత్తిరించుకోవాలి. ఆ నెల మా ఊళ్ళో మగవాళ్ళందరూ తలకి తువ్వాళ్ళు చుట్టుకుని తిరిగారు. పంక్చర్ షాపతను ట్యూబు ఫోటో పంపితే చిల్లు ఎక్కడుందో ఇంటి నుంచే ఊహించి చెప్పేవాడు. సన్నాయి మేళం వాళ్ళు పాపం ఇద్దరే అన్నదమ్ములు. సర్క్యులర్ చదివించుకుని, డోలు మూటకట్టుకుని, విశాఖపట్నంలో బావమరిది కొట్లో పనికి వెళ్ళిపోయారు. ఊళ్ళో మేళమంటూ మిగిలింది మేమే.

సందేహాలు తీర్చుకుందామని నేను దూరస్థ కార్యవిధాన అమలు విభాగానికి వెళ్ళాను. తలుపుకి బోర్డు వేలాడుతోంది: "ఈ కార్యాలయం ఇంటికి వెళ్ళినది." ఆ ఇల్లు వెతుక్కుంటూ వెళ్తే ప్రత్యేకాధికారి పరాంకుశం గారు వరండాలో వాలుకుర్చీలో కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నారు. పక్కన ల్యాప్‌టాప్ మీద తొక్కలు పడి ఉన్నాయి.

"బ్యాండు ఇంట్లో కూర్చుని ఎలా వాయించాలండీ?" అనడిగాను.

"చూడండి తాతారావు గారూ, మీరు 'ఎలా' అని అడుగుతున్నారు. మా విభాగం పరిధి 'ఎప్పటిలోగా' అన్నంతవరకే. 'ఎలా' అన్నది పూర్తిగా క్షేత్రస్థాయి వ్యవహారం."

"క్షేత్రస్థాయి అంటే ఎవరండీ?"

"మీరే."

లోపల్నించి ఆయన శ్రీమతి గొంతు వినిపించింది. "ఏవండీ, ముదురువి వేరే పెట్టమన్నానా?"

"పెడుతున్నానే!" అని లోపలికి కేకేసి, "సదరు విషయమై వేరే ఆలోచనలు చేయకండి," అన్నారాయన నాతో.

"పోనీ పదో మనిషిని చేర్చుకుంటే మాకీ నిబంధన వర్తించదు కదండీ?"

పరాంకుశం గారు జాలిగా నవ్వారు. "అప్పుడు మీది మధ్యతరహా పరిశ్రమ అవుతుంది. ఆవరణలో క్యాంటీన్, అంబులెన్సు, మురుగునీటి శుద్ధి యంత్రం ఉండాలి. ఉన్నాయా?"

మా ఆవరణ అంటే బస్టాండు వెనక రేకుల గది. అందులో తొమ్మిది మేకులూ, తొమ్మిది కోట్లూ ఉన్నాయి. నమస్కారం పెట్టి వచ్చేశాను. మర్నాడు మేం కోట్లు ఇళ్ళకి పట్టుకుపోయాక మున్సిపాలిటీ వాళ్ళు ఆ గదికి సీలు వేశారు. శరీర హాజరు సున్నా అయింది.

ఇంటి నుంచి సాధన మొదలుపెట్టాం. ముందు లాభాలు చెప్తాను, అది న్యాయం. కోటు పైన వేసుకుని కింద లుంగీ కట్టుకోవచ్చు. మస్తాన్ వలీ పడుకుని కూడా ట్రంపెట్ వాయించవచ్చునని కనిపెట్టాడు. యేసుపాదం భార్య మార్తమ్మ ఇంకా తెలివైన మనిషి. కందులు చేటలో పోసి డ్రమ్ము మీద పెట్టేది. మొగుడు దెబ్బ వేసినప్పుడల్లా పొట్టు పైకి తేలేది, ఆవిడ ఉఫ్ మని ఊదేసేది. వారం తిరక్కుండా ఆ వీధి కందులన్నీ యేసుపాదం గుమ్మంలోకి వచ్చేశాయి. మేస్త్రి పక్కింటివాళ్ళ గేదె అయితే క్లారినెట్ వింటే అరలీటరు ఎక్కువ ఇవ్వడం మొదలుపెట్టింది. పొద్దున్నే పాలు పితికే వేళకి ఆయన్ని బతిమాలి దడి దగ్గర కూర్చోబెట్టేవారు. పాట మారిస్తే తన్నేది. ఈ సంగతి నేను నెలవారీ నివేదికలో రాస్తే పరాంకుశం గారు "పాడిపరిశ్రమతో అనుసంధానం" అని శీర్షిక పెట్టి పైకి పంపారు.

కష్టాలు కూడా లేకపోలేదు. యేసుపాదం ఇల్లు మస్తాన్ ఇంటికి వెనక సందే. డ్రమ్ము దెబ్బ ముందు గోడమీంచి వచ్చేది. అదే దెబ్బ ఫోన్లోంచి రెండు సెకన్ల తర్వాత మళ్ళీ వచ్చేది. మస్తాన్ మర్యాదస్తుడు కనక రెండింటికీ వాయించేవాడు. మా ఇంట్లో సిగ్నల్ నూతిగట్టు దగ్గర తప్ప అందదు. నేనక్కడ నిలబడి తాళాలు మోగించినప్పుడల్లా మా ఆవిడ గిన్నెలు పడ్డాయనుకుని వంటింట్లోకి పరిగెత్తేది. తొమ్మిదిమందీ ఒకే పాట మొదలుపెట్టేవాళ్ళం, తొమ్మిదిమందీ తొమ్మిది వేళల్లో ముగించేవాళ్ళం. ఒకరోజు నేను ముగించి భోంచేసి వచ్చేసరికి ఎవరో ఒకరు ఇంకా పల్లవిలోనే ఉన్నారు.

మేస్త్రి మాత్రం నానాటికీ నీరసపడిపోయాడు. ఓసారి సాధన అయ్యాక లైను కట్ చెయ్యకుండా, "తాతారావూ, నాకు ఎవడూ ఇనపట్లేదురా. నా ఊపిరే నాకు ఇనపడతంది. నలభై ఏళ్ళలో ఒక్కణ్ణీ ఎప్పుడూ వాయించలేదు. భయమేత్తంది," అన్నాడు. ధైర్యం చెప్పడం మేనేజరు విధి కదా. "సర్క్యులర్లో 'సిబ్బంది ఆనందం' అని ఉంది మేస్త్రిగారూ, కాస్త ఓపిక పట్టండి, వస్తుంది," అన్నాను.

ఇంతలో టైలర్ భూషణం కొడుకు పెళ్ళి వచ్చింది. పెళ్ళికొడుకు ఊరేగింపులో మేళం ఉండాలి, మేమేమో ఊరేగింపులో ఉండకూడదు. నేను బుర్ర బద్దలుకొట్టుకుని ఒక ఉపాయం పన్నాను. తొమ్మిది మఖమల్ దిండ్ల మీద తొమ్మిది ఫోన్లు పెడతాం. మిల్లు కళాసీలు తొమ్మిదిమంది మా ఎర్రకోట్లు వేసుకుని, ఆ దిండ్లు పట్టుకుని, వరసల్లో నడుస్తారు. మేం ఇళ్ళలోంచి వాయిస్తాం. భూషణం కూడా ఒప్పుకున్నాడు, దిండ్లకి గలీబులు తనే కుట్టాడు.

పరాంకుశం గారు ఆ అర్జీని చాలా శ్రద్ధగా చదివారు. ఈసారి మెంతికూర వలుస్తున్నారు.

"ఈ కళాసీలను ఏమని చూపిస్తున్నారు?"

"పరికర వాహకులు అనండి."

"బాగుంది. తొమ్మిదిమంది గల వాహక సంస్థ. పదిమంది కన్న తక్కువ. అందుచేత వారు కూడా ఇంటి నుంచే పనిచేయవలెను."

"ఇంట్లో కూర్చుని ఫోన్లు మొయ్యాలాండీ?"

"మొయ్యడానికి మా అభ్యంతరం లేదు." ఆయన కాడలు దులుపుకుని కుర్చీలో ముందుకి వంగారు. "మీరు ఈ విధానం వెనక ఉన్న తాత్త్వికతను గ్రహించడం లేదు. పనివాడు పని వద్దకు వెళ్ళరాదు. పనే పనివాడి వద్దకు రావాలి. పెళ్ళికొడుకును పంపండి."

అంత సులువైన మాట నాకు తట్టనందుకు నన్ను నేనే తిట్టుకున్నాను.

యేసుపాదం, మస్తాన్ ఇళ్ళు తప్ప మా ఇళ్ళన్నీ ఊరికి తలో మూలా ఉన్నాయి. ఊరేగింపు దారి గీసి, ముద్ర వేయించాను. మొత్తం పదకొండు కిలోమీటర్లు. జీపు పెట్టుకుందామంటే జీపు స్టాండులో డ్రైవర్లు ఆరుగురే. వాళ్ళూ ఇళ్ళలోనే కూర్చుని స్టీరింగులు తిప్పుకుంటున్నారు. అందుకని పెళ్ళికొడుకు నడిచాడు. పొద్దున ఏడింటికి బాసికం కట్టుకుని, బుగ్గన చుక్క పెట్టుకుని, కొత్త చెప్పులతో బయల్దేరాడు పాపం.

మొదట మేస్త్రి ఇంటి ముందు ఆగారు. ఆయన అరుగు మీద నిలబడి క్లారినెట్ మీద చక్కగా పల్లవి వాయించాడు. అక్కణ్ణించి రెండు కిలోమీటర్లు నిశ్శబ్దంగా నడిచి మస్తాన్ ఇంటికి వెళ్ళి అనుపల్లవి విన్నారు. ఆడవాళ్ళు మర్చిపోకుండా పల్లవిని కూనిరాగం తీస్తూ నడవాల్సి వచ్చింది. యేసుపాదం ఇంటి ముందు చరణానికి దెబ్బలు మాత్రం పడ్డాయి, కొంచెం కందిపొట్టు కూడా పడింది. తొమ్మిదింటికి నా దగ్గరికి వచ్చారు. మా నూతిగట్టు ముందు పెళ్ళికొడుకు నిలబడ్డాడు, చుట్టూ నూటయాభై మంది చుట్టాలు. నేను ఝణ్ మని ఒకటి కొట్టాను. కాసేపు ఆగి మళ్ళీ ఒకటి కొట్టాను. నా వంతు పావుగంట ఉంది. పావుగంట ఉత్త తాళాలు వినడం మనిషికి ఎంత కష్టమో ఆ పిల్లాడి మొహం చూస్తే తెలిసింది. ఏడో తాళానికి వాళ్ళ మేనత్త ఏడ్చేసింది.

పెళ్ళికొడుకు కుంటుకుంటూ ఆడపెళ్ళివారి గుమ్మం చేరేసరికి ముహూర్తం దాటి గంటన్నర. పంతులుగారు పంచాంగం అంతా గాలించి సాయంత్రానికి ఇంకొకటి తీశారు. భూషణం నన్ను ఒక్క మాట కూడా అనలేదు. దిండ్ల గలీబులు మాత్రం వెనక్కి పట్టుకుపోయాడు.

ఈ వార్త తెల్లారేసరికి కాలవకి రెండు గట్లా పాకింది. వైశాఖంలో ఒప్పుకున్న పెళ్ళిళ్ళు ఏడు ఉంటే ఆరుగురు వచ్చి మేళం వద్దన్నారు. ఒకాయన డీజే పెట్టుకున్నాడు. ఒక్కటే మిగిలింది. అది రైసుమిల్లు వెంకటరత్నం గారి అమ్మాయి పెళ్ళి. పరాంకుశం గారు ఆ పెళ్ళినే "ప్రదర్శన కార్యక్రమం"గా ఎంచుకున్నారు. ఇంట్లోంచి ఫోన్లో తిలకిస్తామనీ, శరీర హాజరు సున్నాతో మేళం విజయవంతమైతే అప్పటికప్పుడు లైసెన్సు ఇస్తామనీ, కాకపోతే రద్దేననీ కాగితం పంపారు.

మేస్త్రి మమ్మల్నందర్నీ ఫోన్లో పిలిచి ఒకే మాట చెప్పాడు. "ఇదీ పోతే క్లారినెట్టు పెట్లో పెట్టేత్తాను. మీ దారి మీరు చూసుకోండి నాయనా. ఆ మాట నా నోటితో ముందే సెప్పడం నయం." నాకు ఆ రోజు అన్నం సయించలేదు.

వెంకటరత్నం గారి ఇంటికి వెళ్తే ఊరేగింపు అక్కర్లేదన్నారు, భూషణం కొడుకు కాళ్ళు ఆయన కళ్ళారా చూశారట. పేచీ అంతా వాళ్ళమ్మగారు చిట్టెమ్మగారితో వచ్చింది. ఆవిడకి ఎనభై రెండేళ్ళు.

"ఊరేగింపు లేకపోతే పీడాపాయె. గట్టిమేళం సంగతేటి?" అంది ఆవిడ.

గట్టిమేళం అంటే తాళి కట్టే క్షణానిది. పంతులుగారు వేలు ఎత్తగానే మేళమంతా ఒక్కసారి, ఒక్క పెట్టున, చెవులు గింగురుమనేలా మోగాలి. ఆ క్షణంలో ఎవరి తుమ్మూ, ఎవరి ఏడుపూ, ఎవరి పాడుమాటా పెళ్ళికూతురి చెవిన పడకూడదు.

"ఫోన్లో వాయిస్తామండి మామ్మగారూ," అన్నాను.

"ఫోన్లో ఎల్లుండికి ఇనపడుద్దంట గదా మీ మేళం! తాళి పడ్డాక ఒకడు, అన్నాలయ్యాక ఒకడు వాయిస్తే నా మనవరాలి చెవిలో ఏ తుమ్ము పడిపోద్దో! గట్టిమేళం లేకుండా తాళి కట్టనివ్వను. ఆయ్, కట్టనివ్వనంటే కట్టనివ్వను. సర్కారోడొచ్చి కట్టుకుంటాడేటి?"

ఇంటికి వచ్చి ట్రంకుపెట్టె తెరిచి సర్క్యులర్‌ని మూడోసారి చదివాను. నాకు అందులో తప్పు కనపడలేదు. ప్రభుత్వ కాగితంలో తప్పుండదు, మన చదవడంలోనే ఉంటుంది. చదివి చదివి, నాలుగోసారికి ఒక ప్రశ్న తట్టింది. పరాంకుశం గారికి ఫోన్ చేశాను.

"అయ్యా, ఇల్లంటే ఏమిటండీ?"

ఆయన గొంతు ఆనందంతో వణికింది. "తాతారావు గారూ, ఈ ప్రశ్న అడిగిన మొట్టమొదటి లబ్ధిదారు మీరే! అనుబంధం-నాలుగు చదువుతున్నాను, వినండి. ఏ ప్రదేశమందు కార్మికుడు కుటుంబ సమేతముగా పాలు పొంగించి, అన్నము వండుకొని, తన వస్త్రములను ఆరవేయునో, సదరు ప్రదేశము అతని నివాసము."

"అంతేనాండీ?"

"ఫోటో జతపరచాలి."

పెళ్ళినాటి పొద్దున ఆరింటికల్లా వెంకటరత్నం గారి కల్యాణ మండపం ముందు తొమ్మిది రిక్షాబళ్ళు ఆగాయి. వాటినిండా మా సంసారాలు. మంచాలు, చాపలు, బిందెలు, రోలు, పొయ్యిలు, యేసుపాదం మనవరాలి ఉయ్యాల. బళ్ళవాళ్ళని పెట్టుకుంటే వాళ్ళు మళ్ళీ ఏ చిన్న సంస్థ అవుతారో అని భయపడి, తోసుకుంటూ తెచ్చింది మేమే. మేస్త్రి పక్కింటివాళ్ళు గేదెని కూడా తోలుకొచ్చారు, మేస్త్రి ఇల్లు మారితే దాని పాలు ఏం కావాలి మరి!

గట్టిమేళం మోగితే చాలునని చిట్టెమ్మగారు ఒప్పుకోగా, పెళ్ళిపందిట్లో తొమ్మిది పొయ్యిలు వెలిగించాం. పాలు పొంగే ముందు మంత్రం ఎవరిదన్న ప్రశ్న వచ్చింది గాని నిమిషంలో తేలిపోయింది. పంతులుగారు నాలుగు మంత్రాలు చదివారు, యేసుపాదం కళ్ళు మూసుకుని ప్రార్థన చేశాడు, మస్తాన్ చేతులెత్తి దువా చదివాడు. పాలు ముగ్గురికీ పొంగాయి. ఆడపెళ్ళివారు కొబ్బరాకులు కట్టిన తాళ్ళమీదే మార్తమ్మ తడిబట్టలు ఆరేసింది. పెళ్ళిపీటల మీదుగా యేసుపాదం గళ్ళలుంగీ వేలాడింది. పెళ్ళికొడుకు వంగి దాని కిందనుంచి పీటల మీదికి వచ్చాడు. మేళం వాళ్ళందరం కోట్లు వేసుకుని, ఎవరి పొయ్యి పక్కన వాళ్ళం వాద్యాలు పట్టుకుని నిలబడ్డాం. మూడు నెలల తర్వాత తొమ్మిదిమందిమీ ఒక్కచోట ఉన్నాం. మేస్త్రి ఒక్కొక్కళ్ళ భుజమూ తడిమి చూశాడు.

పది గంటల పద్నాలుగు నిమిషాలకి ముహూర్తం. పదింటికి ఫోను మోగింది. దాన్ని మా అన్నం గిన్నెకి ఆనించి పెట్టాను. తెరమీద పరాంకుశం గారు తలకి నూనె రాసుకుని కనిపించారు.

"పని ప్రదేశమందు శరీర హాజరు ఎంత?"

"సున్నా అండి."

"మరి మీ తొమ్మిదిమందీ అక్కడే ఉన్నారే?"

"మా ఇంట్లో ఉన్నామండి. ఫోటోలు పొద్దున్నే పంపాను. పాలు, అన్నం, బట్టలు."

ఆయన కాగితాలు తిప్పి చూసుకున్నారు. "నియమానుసారంగానే ఉంది. మరి వెనకాల ఆ నాలుగువందల మంది?"

"చుట్టాలండి. మా ఇంటికొచ్చారండి."

"పూలదండలతో కూర్చున్న ఆ ఇద్దరూ?"

"మా ఇంట్లో పెళ్ళి చేసుకుంటున్నారండి. పోనీలే, ముచ్చటపడ్డారని ఒప్పుకున్నాం."

"ఆ గేదె?"

"అది మేస్త్రి గారి పాడి పరిశ్రమండి, మీరే రాశారు."

పరాంకుశం గారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "శరీర హాజరు సున్నా. వందశాతం ఇంటి నుంచే. జిల్లాలో ఇదే మొదటిది!" అని రాసుకోవడం మొదలుపెట్టారు. అటువైపు ఆయన శ్రీమతి స్నానానికి నీళ్ళు చల్లారిపోతున్నాయని కేకేసింది.

అప్పుడు పంతులుగారు వేలు ఎత్తారు.

మేస్త్రి బుగ్గలు పొంగించాడు. ఆ తర్వాత ఏం జరిగిందో నేను సరిగ్గా చెప్పలేను. తొమ్మిది వాద్యాలు ఒక్క పెట్టున లేచాయి. డ్రమ్ము దెబ్బకి నా పొట్టలో పేగులు కదిలాయి. ట్రంపెట్ నా చెవి పక్కనుంచే దూసుకుపోయింది. పొయ్యిల మీద మూతలు ఎగిరిపడ్డాయి, గేదె పలుపు తెంపుకుంది, ఎవరు తుమ్మారో ఎవరు ఏడ్చారో దేవుడిక్కూడా వినపడి ఉండదు. చిట్టెమ్మగారు రెండు చెవులూ మూసుకుని పసిపిల్లలా నవ్వుతోంది. తాళి పడింది. నాకు కళ్ళ వెంట నీళ్ళు ధారలుగా కారుతున్నాయి. నేను ఆపలేదు, మేస్త్రి కూడా ఆపలేదు. ముడి పడ్డాక కూడా ఇంకో పది నిమిషాలు గట్టిమేళం మోగుతూనే ఉంది. పంతులుగారు చేతులూపి ఊపి చివరికి ఆయన కూడా తల ఊపడం మొదలుపెట్టారు.

మధ్యాహ్నం అప్పగింతలప్పుడు చిన్న ఇబ్బంది వచ్చింది. పిల్ల ఎవరింటి నుంచి వెళ్తోంది అన్న ప్రశ్న. మేం పంపిన కాగితాల ప్రకారం చూస్తే మా ఇంటి నుంచే కదా! మార్తమ్మ ఆ మాట వినగానే పెళ్ళికూతుర్ని కావలించుకుని భోరుమంది. ఆవిణ్ణి చూసి మా ఆవిడ, మా ఆవిణ్ణి చూసి తక్కిన ఏడుగురు ఆడవాళ్ళు. పిల్ల అసలు తల్లికి వెనక వరసలో చోటు దొరికింది. మార్తమ్మ జాకెట్టు ముక్కా, అరటిపళ్ళూ, శేరు కందిపప్పూ ఒళ్ళో పెట్టి, "మా ఇంటికాడ పెళ్ళయిన పిల్లవి, మర్చిపోకే అమ్మా," అంది. ఆ పిల్ల నిజంగానే వంగి కాళ్ళకి దణ్ణం పెట్టింది. వెంకటరత్నం గారు నా చెయ్యి పట్టుకుని ఊపి వదిలేశారు.

అందరూ వెళ్ళిపోయేసరికి నాలుగు దాటింది. ఖాళీ మండపంలో మా పొయ్యిలు, మా లుంగీలు, మేం మిగిలాం. ఫోన్లోకి లైసెన్సు కాగితం వచ్చింది. నేను నిలబడి చదివాను. ఏడాదికి మంజూరు. కింద సన్నటి అక్షరాలతో ఒక్క షరతు: "నమోదైన నివాసమును తొంభై రోజుల వరకు విడిచి వెళ్ళరాదు. విడిచినచో లైసెన్సు రద్దగును."

మేస్త్రి కోటు గుండీలు సర్దుకున్నాడు. మొహం వెలిగిపోతోంది, పదేళ్ళు తగ్గినట్టున్నాడు. "పనైపోయింది గదరా. ఇంక ఇంటికి ఎల్దామా?" అన్నాడు. మార్తమ్మ అప్పటికే లుంగీ మడతపెడుతోంది.

మేనేజరుగా నేను షరతు చదివి వినిపించాలి. కాగితంలో ఉన్నదాన్ని చదవకుండా వదలడం నా జన్మలో లేదు. నోరు తెరిచాను కూడా. తొమ్మిదిమందీ, కాదు, ఎనిమిదిమందీ నావైపే చూస్తున్నారు. మాట్లాడని అయిదుగురు కూడా చూస్తున్నారు. సాయంత్రం ఇంటికి వెళ్ళాలని ఉన్న మనుషుల మొహాలు అవి.

"ఎల్దాం మేస్త్రిగారూ," అన్నాను.

బళ్ళు ఆడవాళ్ళు తోశారు. మేం ముందు వరసలు కట్టాం, ఇద్దరిద్దరుగా, ఎప్పటిలాగే. పెళ్ళీ లేదు, పెళ్ళికొడుకూ లేడు, ఎవరూ పిలవలేదు. అయినా మేస్త్రి క్లారినెట్ పెదవులకి ఆనించాడు. బస్టాండు రోడ్డు మీద యేసుపాదం మొదటి దెబ్బ వేశాడు. కొట్ల ముందుకీ, అరుగుల మీదికీ జనం పరిగెత్తుకొచ్చారు. సెలూన్ పోతురాజు తువ్వాలు భుజాన వేసుకుని ఇంట్లోంచి బయటికొచ్చి మా వెనక నడిచాడు. జీపు డ్రైవర్లు వచ్చారు.

జేబులో ఫోను మోగింది. పరాంకుశం గారు.

"తాతారావు గారూ, ఏమిటా శబ్దం? మా ఇంటిదాకా వినిపిస్తోంది. మీరిప్పుడు ఎక్కడున్నారు?"

"రోడ్డు మీదండీ."

"రోడ్డు మీదా! రోడ్డు మీద ఏం చేస్తున్నారు?"

"అందరం కలిసి నడుస్తున్నామండీ."

"అది నిబంధనలకు పూర్తిగా విరుద్ధం! మీరు వెంటనే నా మాట వినండి, తాతారావు గారూ, హలో..."

నేను వినేవాణ్ణే. కానీ నా వంతు వచ్చేసింది. ఫోను జేబులో పడేశాను. తాళాలకి రెండు చేతులూ కావాలి.